రోజూ ఒకసారి దాని ఒళ్లంతా తడిమి చూడు

నాన్నా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. నీ చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోతున్న ఆ బుజ్జి కుక్కపిల్లని చూడగానే మా కుక్క నల్లోడు గుర్తొచ్చాడు. ఎనిమిది వారాలు తల్లి దగ్గర ఉంచాకే తెచ్చావని తెలిసి మనసు కుదుటపడింది. ఆటలో పన్ను ఎంతవరకు దించవచ్చో, ఎక్కడ ఆపాలో పిల్లలు తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గరే నేర్చుకుంటాయి. మరీ ముందుగా విడదీస్తే ఆ చదువు సగంలో ఆగిపోతుంది.

"ఎలా పెంచాలో అన్నీ రాసి పంపు పెద్దమ్మా" అన్నావు. అన్నిటికన్నా ముందు నేను చేసిన తప్పు చెబుతాను.

నల్లోడికి నాలుగేళ్లప్పుడు రెండు రోజులు తిండి సగం సగం వదిలేశాడు. ఎండలకి డీలా పడ్డాడులే అనుకున్నాను. మూడో రోజు మెట్లెక్కబోయి మధ్యలో కూలబడ్డాడు. డాక్టర్ దగ్గరికి తీసుకెళితే ఆయన ముందు వాడి పై పెదవి ఎత్తి చూపించారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగురు కాగితంలా తెల్లగా పాలిపోయి ఉంది. తర్వాత చెవి వెనక్కి మడిచారు. లోపలి ముడతలో బఠానీ గింజంత ఉబ్బిన పిడుదు ఒకటి, దాని పక్కన ఆవగింజల్లాంటివి నాలుగైదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం అది, రక్తాన్నే దెబ్బతీస్తుంది. నెల రోజులు మందులు వాడితే బతికి బయటపడ్డాడు. రోజూ వాడి తల నిమిరేదాన్నే, కానీ ఆ చెవి మడతలోకి ఒక్కసారైనా చూడలేదు. ఇప్పటికీ అది తలచుకుంటే నాకు బాధే.

అందుకే చెబుతున్నాను, రోజుకి పది నిమిషాలు దాని ఒళ్లంతా చేత్తో తడుము. ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా వెళ్లు. చెవుల్లోకి చూసి వాసన కూడా చూడు. చెడు వాసన వస్తే లోపల ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టే. పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదులు. తెల్లబడి రెండు సెకన్లలోపే మళ్లీ రంగు రావాలి. కొన్నిటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి రంగు చూడాలి. మెడపట్టీ విప్పి ఆ చోటు చూడు, తిరిగి పెట్టేటప్పుడు దాని కింద నీ రెండు వేళ్లు దూరాలి. పిల్ల వారం వారం పెరుగుతుంది కాబట్టి ఇది ఒకసారి చూసి వదిలేసేది కాదు. చంకలు, కాలివేళ్ల సందులు, తోక కింద ఇవన్నీ పిడుదులు దాక్కునే చోట్లు. పక్కటెముకలు చేతికి తగలాలి, కానీ దూరం నుంచి లెక్కపెట్టేలా కనిపించకూడదు. ఎక్కడైనా గడ్డ తగిలితే ఆ తేదీ రాసిపెట్టుకుని డాక్టర్‌కి చూపించు.

పిడుదు కనిపిస్తే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగు. కిరోసిన్ రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం లాంటివి ఎవరు చెప్పినా చెయ్యకు. అలా చేస్తే అది తన లోపలున్నది కుక్క ఒంట్లోకి కక్కే ప్రమాదం ఉంది. వేళ్లతో నలపకు కూడా. పిడుదులు పట్టకుండా వాడే మందు డాక్టర్ దాని బరువు చూసి ఇస్తారు. పెద్ద కుక్కల మందు పిల్లకి వెయ్యకు.

ఇంట్లో పాడు చేస్తోందని టెన్షన్ పడుతున్నావు. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు, నాన్నా. నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆపగానే బయటికి తీసుకెళ్లు. ప్రతిసారీ అదే చోటికి. పని కానిచ్చిన ఆ క్షణంలోనే మెచ్చుకో, లోపలికొచ్చాక మెచ్చుకుంటే దేనికో దానికి అర్థం కాదు. ఇంట్లో చేసేస్తే మాట్లాడకుండా తుడిచెయ్యి. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది, కాబట్టి బాగా కడుగు. ముక్కు దాంట్లో రుద్దడం, కొట్టడం వద్దే వద్దు. నువ్వు ఇంటికొచ్చేసరికి తల దించుకుని మూలకి పోతే, తప్పు చేశానని తెలిసే అలా చేస్తోంది అనుకుంటాం. నిజానికి అది నీ మొహంలో కోపం చూసి భయపడుతోంది. భయపడ్డ పిల్ల పాడు చేయడం మానదు, మంచం కిందకి వెళ్లి చేస్తుంది.

టీకాల సంగతి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. ఒకే రకం టీకా మళ్లీ మళ్లీ ఎందుకని అడిగావు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగా పట్టదు. ఆ రక్షణ ఏ పిల్లలో ఏ వారం తగ్గుతుందో చెప్పలేం, అందుకే అన్నిసార్లు. కుక్కపిల్లల ప్రాణం తీయగల పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, కాబట్టి టీకాలు పూర్తయ్యేదాకా ఊళ్లో కుక్కలు తిరిగే చోట కింద వదలకు. అలాగని ఇంట్లోనే బంధించకు. మూడు నుంచి పద్నాలుగు వారాల వయసులో చూసినవీ విన్నవీ దానికి జీవితమంతా మామూలైపోతాయి. చంకనెత్తుకుని తిప్పు. బండి హారన్, గొడుగు, గడ్డం ఉన్న మనుషులు, అరిచే పిల్లలు, అన్నీ నీ చేతుల్లో ఉండగానే చూడనీ. నులిపురుగుల మందు కూడా డాక్టర్ చెప్పిన లెక్క తప్పకు, ఆ పురుగులు ఇంట్లో చిన్నపిల్లలకీ అంటుకుంటాయి.

తిండి దాని వయసుకి, బరువుకి తగ్గట్టు డాక్టర్ చెబుతారు. నేను చెప్పేది పెట్టకూడనివి: చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చక్కెరకి బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన బబుల్‌గమ్. ఉడికిన ఎముకలు చీలికలై పేగుల్లో గుచ్చుకుంటాయి. ఒళ్లు వెచ్చగా ఉందని మన జ్వరం మాత్ర మాత్రం వెయ్యకు, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కల ప్రాణం తీయగలవు. వాటి మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది, మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది.

ఎండలో మరీ జాగ్రత్త. మనలా ఒళ్లంతా చెమట పట్టదు దానికి, పాదాల్లో కొద్దిగా తప్ప. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాన్. బయటికి వెళ్లే ముందు నీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించు. నీకు కాలితే దానికీ కాలుతుంది. ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలకి కూడా వదలకు.

వీధిలోకి వెళ్లేటప్పుడు బెల్ట్ నీ చేతిలోనే ఉండాలి, జేబులో కవరు ఉండాలి. దాని మలం నువ్వే ఎత్తాలి. ఎదుటివాళ్లు భయపడి పక్కకి జరిగితే "మాది ఏమీ చేయదండీ" అనకుండా నువ్వే పక్కకి తప్పుకో. భయపడే హక్కు వాళ్లకుంది. ఆటలో గీరినా సరే, ఎవరికైనా పన్ను దిగితే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగించి, వెంటనే ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్లు. టీకాల కార్డు దాచకుండా చూపించు. రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం, అందుకే అక్కడ మొహమాటం పనికిరాదు.

దానికి పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో ఇప్పుడే అడిగిపెట్టుకో. ఆడకుక్కలకి వయసు పైబడ్డాక గర్భసంచిలో చీము పట్టే జబ్బు వస్తుంది. ఆపరేషన్ అయితే ఆ భయం ఉండదు.

ఇంకొకటి అడగాలి. ఇది పదేళ్లు, పన్నెండేళ్లు నీతో ఉంటుంది. ఈలోపు నీ ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారుతుంది, పెళ్లి అవుతుంది. నువ్వు ఊళ్లో లేని రోజుల్లో ఎవరు చూస్తారో ఒక మనిషి పేరు నీ దగ్గర ఉందా? లేకపోతే ప్రస్తుతానికి నా పేరు రాసుకో. ఎప్పుడైనా నీ వల్ల కాకపోతే సిగ్గుపడకుండా నాకు ఫోన్ చెయ్యి, నేను వచ్చి తెచ్చుకుంటాను.

వచ్చే నెల ఎలాగూ వస్తున్నాను. గోళ్లు తీసే కట్టర్ తెస్తాను. గోరు లోపల రక్తనాళం ఎక్కడిదాకా ఉంటుందో దగ్గరుండి చూపిస్తాను, అందాకా నువ్వు కత్తిరించకు. ఈలోపు రోజూ ఆ పది నిమిషాల్లో ఒక్కో కాలివేలు పట్టుకుని, మెల్లగా నొక్కి, వదిలి, ఓ ముక్క తాయిలం పెట్టు. నేను వచ్చేసరికి నాలుగు కాళ్లూ చేతికివ్వాలి అది.

మీ పెద్దమ్మ