మోకాలి మీద కొడితే వెన్నుపాము సంగతి ఎలా తెలుస్తుంది?

ప్రశ్న: మా నాన్న ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తాలు మోసేవారు. పదేళ్లుగా షుగర్ ఉంది. ఈ మధ్య అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయంటే నరాల డాక్టరుకు చూపించాం. ఆయన మోకాళ్ల మీద, మడమల వెనక చిన్న సుత్తితో కొట్టి చూసి, కాలికి కరెంటు పెట్టే పరీక్ష రాశారు. తిమ్మిరి పాదాల్లో ఉంటే మోకాలిని కొట్టడం ఎందుకు? కరెంటు అనేసరికి నాన్నకు ఒకటే టెన్షన్.
– ఓ పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందు నాన్నగారికి ధైర్యం చెప్పండమ్మా. ఆ కరెంటు సెకనులో వెయ్యోవంతు సేపు తగులుతుంది, చురుక్కుమంటుంది, అంతే. గుండెకు పేస్‌మేకర్ ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఇక సుత్తి. పదో తరగతిలో అసంకల్పిత ప్రతీకార చర్య అని చదివే ఉంటారు. మోకాలి చిప్ప కింద దెబ్బ పడగానే తొడ కండరం పిసరంత సాగుతుంది, ఆ కబురు నరం గుండా వెన్నుపాముకు వెళ్లి, అక్కడ ఒకే ఒక్క అతుకు (రెండు నరకణాలు కలిసే చోటు) దాటి తిరిగి అదే కండరానికి వస్తుంది, కాలు ఎగురుతుంది. మెదడును అడిగే పనే లేదు. 1875లోనే జర్మనీ వైద్యులు ఎర్బ్, వెస్ట్‌ఫాల్ విడివిడిగా దీని గురించి రాశారు.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇంకోటి. కాలు సరిగా ఎగరనివాళ్లను రెండు చేతుల వేళ్లు కొక్కేల్లా తగిలించి గట్టిగా లాగమంటాం, అప్పుడు అదే దెబ్బకు కాలు బాగా లేస్తుంది! అంటే చేతులు చేసే పని కూడా నడుము దగ్గరి వెన్నుపాము జవాబును మారుస్తోందన్నమాట. మెదడు కూడా అలాగే పైనుంచి దాన్ని అదుపులో ఉంచుతుంది, అందుకే పక్షవాతంలో ఆ అదుపు తప్పాక కొన్నాళ్లకు కాలు మరీ ఎక్కువగా ఎగురుతుంది. షుగర్‌లో దీనికి భిన్నంగా, పొడవాటి నరాలే ముందు దెబ్బతింటాయి కాబట్టి మోకాలు బాగానే పలుకుతున్నా మడమ దగ్గర జవాబు తగ్గుతుంది. ఆయన రెండుచోట్లా కొట్టి చూసింది ఈ తేడా కోసమే.

కరెంటు పరీక్షలో ఈ దారినే గడియారం పెట్టి కొలవొచ్చు. 1910లో జర్మనీ శాస్త్రవేత్త పాల్ హాఫ్‌మన్ వర్ణించిన పద్ధతి ఇది. మోకాలి వెనక గుంటలో సన్నగా కరెంటిస్తే, కబురు వెన్నుపాము దాకా పోయి వచ్చి దాదాపు 30 మిల్లీసెకన్లకు పిక్క కండరంలో ఓ అల లేస్తుంది. కరెంటు పెంచితే సుమారు 5 మిల్లీసెకన్లకే ఇంకో అల వస్తుంది, అది వెన్నుపాము దాకా పోకుండా నేరుగా కండరానికి దిగింది. ఇంకా పెంచితే ఆ 30 మిల్లీసెకన్ల అల మాయం! కరెంటు కండరానికి పోయే తంతువుల్లో వెనక్కి, పైకి కూడా పరుగెత్తి, దిగి వస్తున్న జవాబుకు ఎదురుపడి చెరిపేస్తుంది. ఒళ్లు కోయకుండా, మనిషి మెలకువగా ఉండగానే వెన్నుపాములో ఏం జరుగుతోందో చూడగలగడం ఎంత గొప్ప సంగతో చూడండి.

పొడుగువాళ్లలో వెన్నుపాము దాకా పోయి వచ్చే ఆ అల కాస్త ఆలస్యంగా వస్తుంది, వయసు మీద పడితే మడమ జవాబు మామూలుగానే తగ్గొచ్చు. కాబట్టి రిపోర్టులో ఒక్క అంకె చూసి మీరే కంగారు పడకండి, రెండు కాళ్లనూ పోల్చి డాక్టరు చెప్పేది వినండి. పరీక్ష రోజు కాళ్లకు నూనె రాయొద్దు, పంచె కట్టుకుంటే సుఖం. పొద్దున చలి ఉంటే దుప్పటి తీసుకెళ్లి కాళ్లకు కప్పండి, చల్లబడ్డ కాళ్లలో నరం కబురు నిదానంగా నడుస్తుంది.