మామయ్యది మొండితనం కాదేమో చూడండి

ప్రశ్న: మా మామయ్య 31 ఏళ్లు బట్టల మిల్లులో చేసి రిటైరయ్యారు, మొదట కార్డింగ్‌లో, అంటే దూది ఏకే చోట, తర్వాత మగ్గాల షెడ్డులో. ఇప్పుడు 67 ఏళ్లు. పొద్దున ఐదింటికే లేచి టీవీ ఫుల్ సౌండ్ పెడతారు, పిల్లలకు పరీక్షలు మామయ్యా తగ్గించండి అంటే విననట్టే కూర్చుంటారు, గట్టిగా అంటే మా ఆయనకి కోపం. ఎప్పుడూ దగ్గు. దానికితోడు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదని పీఎఫ్ పింఛను ఆగింది, మిషన్ ఆయన వేలిముద్ర తీసుకోవట్లేదు, నాలుగుసార్లు తిరిగొచ్చాం. ఏం చెయ్యాలి?
- ఓ సోదరి, వరంగల్

జవాబు: అమ్మా, ముందు ఒక పని చెయ్యండి. మామయ్య వెనకాల నిలబడి మామూలుగా పిలవండి, తర్వాత ఎదురుగా వచ్చి అదే మాట అనండి. ఎదురుగా ఉన్నప్పుడే పలికారంటే ఆయన మీ పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నారేమో. మగ్గాల షెడ్డులో పక్కోడు అరిచినా వినపడదు, అంతా సైగలే. మా నాన్నా మిల్లు మనిషే, అన్నం చాలు అనడానికి కూడా చెయ్యి అడ్డంగా ఊపేవాడు, మేం అది కోపం అనుకుని బిక్కచచ్చిపోయేవాళ్లం. ఆ చప్పుడుకి చెవి పోవడం ఏళ్ల తరబడి మెల్లగా జరుగుద్ది, సన్నటి శబ్దాలు ముందు పోతాయి, అందుకే ఆడవాళ్ల మాట, పిల్లల మాట అందదు. ఈఎన్‌టీ దగ్గర ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష చేయించండి. పోయిన వినికిడి తిరిగిరాదు గానీ చెవికి మిషన్ పెడితే చాలా తేడా ఉంటుంది.

దగ్గు సంగతి, డాక్టర్లు బీడీ తాగుతారా అని అడిగి వదిలేస్తారు, మీరే కార్డింగ్‌లో ఎన్నేళ్లు చేశారో చెప్పండి. దూది దుమ్ముకి బిసినోసిస్ అని ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. వారపు సెలవయ్యాక డ్యూటీకెళ్లిన మొదటిరోజు ఛాతీ పట్టేసేదా అని మామయ్యని అడగండి, అది దాని గుర్తు.

ఖర్చుకి భయపడొద్దు. ఐదేళ్లన్నా జీతంలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కట్ అయి, వయసు నిండి రిటైరైన వాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే వాళ్లకీ భార్యకీ వైద్యం ఉంది. ఇది చాలామందికి తెలీదు, నాకు బాధ అనిపించేది ఇదే.

ఇక వేలిముద్ర. దారాలు ముడేసీ ముడేసీ అరిగిన వేళ్లమ్మా అవి, మిషన్‌కి అందవు. లైఫ్ సర్టిఫికెట్ ఆన్‌లైన్‌లో ఇచ్చే జీవన్ ప్రమాణ్‌లో ఇప్పుడు ముఖం చూపించి ఇవ్వొచ్చు, మీ ఫోన్‌లోనే, మంచి వెలుతురులో కూర్చోబెట్టండి. ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుద్ది. పనిలోపని పింఛను కాగితాల్లో అత్తయ్య పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయా చూడండి, రేపు ఆవిడకి రావాల్సిన పింఛను దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆగిన నెలల డబ్బులు కూడా కలిపే వేస్తారు, అత్తయ్యకి ఆ మాట ఇవాళే చెప్పండి.