ఏడో క్లాసు లెక్కలకి ఐఎఫ్‌పీ ప్యానెల్ ఒక్కటే చాలా?

మేడమ్, స్కూల్లో ఐఎఫ్‌పీ, అదే గోడకి పెట్టే పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్, వచ్చేసింది కదా, వీడియో వేసి చెప్తే సరిపోదా, ఇంక గింజలు పుల్లలు ఎందుకు అని అడిగారు. సరిపోదండీ. నేను చంద్రగిరి పక్కన హైస్కూల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా లెక్కలు చెప్తా ఉండాను, నా లెక్కలో చేతికి దొరికే వస్తువు ముందు, ప్యానెల్ తర్వాతే. వీడియో వేస్తే పిలకాయలు గమ్మున కూర్చుంటారు, అది చూసి అర్థమైపోయింది అనుకుంటాం మనం.

పూర్ణసంఖ్యలే తీసుకోండి, మైనస్ మైనస్ ప్లస్ అని అందరూ బట్టీ పట్టేస్తారు, ఎందుకురా అంటే ఒక్కడూ నోరు తెరవడు. అష్టాచెమ్మా ఆడేదానికి చింతగింజల్ని ఒక పక్క తెల్లగా అరగదీస్తారు చూడండి, అవి ఒక డబ్బాడు తెప్పించి పెట్టుకోండి. తెలుపు పైకి ఉంటే +1, నలుపు పైకి ఉంటే -1, ఒక తెలుపూ ఒక నలుపూ కలిస్తే సున్నా. ఇప్పుడు బెంచీ మీద 3 తెల్లవి పెట్టి, అందులోంచి 2 నల్లవి తీయమనండి. "యాడున్నాయి మేడమ్ నల్లవి, అన్నీ తెల్లవే కదా" అంటారు. అక్కడ మీరు నోరు కట్టేసుకోవాలి, అదే కష్టం. కాసేపు తలలు పట్టుకుంటారు, ఎవరికో ఒకరికి తడుతుంది, రెండు సున్నా జతలు చేర్చినా విలువ మారదు కదా అని. చేర్చి 2 నల్లవి తీసేస్తే 5 తెల్లవి మిగుల్తాయి, 3 - (-2) = 5, ఇంక బోర్డు మీద రాసుకోవడమే.

ఇంకోటి, తిరుచానూరు పోయినప్పుడు గాజుల అంగట్లో వేరే వేరే సైజులు కొనుక్కురండి. 2.4 సైజు అంటే దశాంశం కాదు, 2 అంగుళాల మీద 4/16, అంటే 2.25 అంగుళాలు, లోపలి వ్యాసం. అందుకే గాజుల్లో 2.8 కంటే 2.10 పెద్దది, మన నోటుబుక్కులో 2.10 చిన్నది! దశాంశాల్లో పిలకాయలు చేసే తప్పు సరిగ్గా ఇదే కాబట్టి దీని మీద ఒక పీరియడ్ మొత్తం పోయినా పర్వాలేదు. అవే గాజులకి దారం చుట్టి చుట్టుకొలతని వ్యాసంతో భాగించమంటే, పై విలువ 3.14 దగ్గర్లో రావాలి, కానీ మందం గాజైతే కొందరికి 3.4 దాకా వస్తుంది, దారం బయట చుట్టి వ్యాసం లోపల కొలిచుంటారు, ఎందుకొచ్చిందో వాళ్లనే కనుక్కోమనండి.

ప్యానెల్ ఎక్కడ పనికొస్తుందంటే చేత్తో కానిచోట. కాగితం త్రిభుజం మూడు మూలలు చింపి పక్కపక్కన పెడితే సరళరేఖ వస్తుంది, కానీ అది ఒక్క త్రిభుజమే. జియోజీబ్రా అని లెక్కల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రీనే, ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది, అందులో ఒక శీర్షం పట్టుకుని లాగితే ఎన్ని త్రిభుజాలైనా చూపించొచ్చు, ఆ లాగే పని కూడా పిలకాయలకే ఇవ్వండి. ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి, కోణాలు రెండు దశాంశాలకి సవరించి చూపిస్తుంది కాబట్టి స్క్రీన్ మీద అంకెలు కూడితే ఒక్కోసారి 180కి బదులు 179.99 వస్తుంది, మొదటి బెంచీలో ఎవడో ఒకడు కూడి పట్టేసుకుంటాడు. అప్పుడు సెట్టింగ్స్‌లోకి పోయి దశాంశ స్థానాలు పెంచి మళ్లీ కూడించండి.