మీరడిగారు: అనీ ఓక్లీ గురి సంగతులు

పోయిన సంచికలో అమెరికా షూటర్ అనీ ఓక్లీ (1860–1926) గురించి రాశాం. బఫెలో బిల్ నడిపిన ‘వైల్డ్ వెస్ట్’ ప్రదర్శనలో 1885లో చేరి, మధ్యలో కొంత విరామం తప్ప 1901 దాకా తుపాకీతో జనాన్ని కట్టిపడేసిన మనిషి. వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులివి.

మా అమ్మమ్మ జొన్నచేనుల మంచె మీద నిలబడి ఒడిసెలతోటి పిట్టలను కొట్టేదట. అనీకి కూడ అట్లనే వచ్చిందా గురి? – ఒక పాఠకురాలు, దేవరకొండ

అట్లనే అనాలి. మీ అమ్మమ్మకు చేను కాపాడుకోవాలి, అనీకి ఇల్లు గడవాలి. 1866లో తండ్రి పోయాడు. ఎనిమిదేళ్లప్పటి నుంచే ఆమె వేటకు దిగింది. కొట్టిన పిట్టలను, కుందేళ్లను ఒహాయోలోని గ్రీన్‌విల్ ఊరి దుకాణానికి అమ్మేది. అక్కడి నుంచి అవి హోటళ్లకు పోయేవి. ఛర్రాలు (తుపాకీలోంచి గుంపుగా వచ్చే సన్న గుండ్లు) దిగిన మాంసం పంటికింద రాయిలా తగులుతుంది, అట్లాంటి సరుకుకు ధర రాదు. అందుకే తలకే గురిపెట్టేదని చెబుతారు.

పైగా ఆ కాలపు పాత తుపాకుల్లో మూతిలోంచి తుపాకీమందు కూరాలి. మందు ఎక్కువైతే భుజానికి తన్నుతుంది, తక్కువైతే దెబ్బకు జోరుండదు. ఒక్కసారి గురి తప్పితే, మళ్లీ మందు పోసి, గుడ్డపీలిక కూరి, కడ్డీతో దట్టించేలోపు పిట్ట ఆగదు. అయినా ఆ వేట డబ్బుతో అనీ పదిహేనేళ్లకల్లా తల్లి పొలం మీది అప్పు తీర్చేసింది.

పేకముక్కను అంచు మీద కోసేదంటే నమ్మాల్నా? – మిర్యాలగూడ

నమ్మొచ్చు. కాగితం మీద లెక్క వేసి చూడండి. పేకముక్క మందం మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. కానీ పాయింట్ 22 తూటా వెడల్పు సుమారు 5.6 మిల్లీమీటర్లు. అంటే తూటా నడిమధ్య సరిగ్గా అంచు మీదికే రానక్కర లేదు, అటు ఇటు 2.8 మిల్లీమీటర్ల తేడా ఉన్నా ముక్క తెగుతుంది. 30 అంగల దూరం నుంచి అంత సన్నటి హద్దులో ఉండడం కష్టమే, కానీ గారడీ మాత్రం కాదు. రంధ్రాలు పొడిచిన ఉచిత టికెట్లను అమెరికాలో ‘అనీ ఓక్లీ’ అని పిలిచింది ఈమె చిల్లులు వేసిన ముక్కలను చూసే.

అద్దంల చూసుకుంట వెనుకకు ఎట్ల కాల్చింది? – వనపర్తి

తుపాకీ భుజం మీద వెనక్కి ఆనించి, ఎడమచేత చిన్న అద్దం పట్టుకునేది. అద్దంలో తుపాకీ మీది వెనక గురిగుర్తు, ముందు గురిగుర్తు, లక్ష్యం మూడూ ఒకే వరసలో కనపడాలి. చిక్కంతా రెండు చోట్ల ఉంది. భుజం మీద తుపాకీ తక్కెడ కాడలా తిరుగుతుంది కాబట్టి చెయ్యి కుడికి జరిపితే మూతి ఎడమకు పోతుంది, చెయ్యి దించితే మూతి లేస్తుంది. రెండోది, అద్దం ఎంత తిరిగితే చూపు దానికి రెట్టింపు తిరుగుతుంది. దయచేసి దీన్ని ఎవరూ ప్రయత్నించొద్దు. వెనక ఎవరొస్తున్నారో అద్దంలో అంతా కనపడదు.

ఆకాశంలోకి కాలిస్తే తూటాలు జనం మీద పడలేదా? – సూర్యాపేట

1885 ఫిబ్రవరిలో ఒకే రోజు విసిరిన 5000 గాజు బంతుల్లో 4772 పగలగొట్టింది. అది ఛర్రాల తుపాకీ. ఒంటి తూటా అయితే కిలోమీటరు దాటి పోయి కూడా ప్రాణం తీస్తుంది. సన్న ఛర్రాలు గాలికి తొందరగా జోరు తగ్గి, దగ్గరలోనే రాలిపోతాయి.

ఆమె దొంగతనం చేసిందని చదివాను, నిజమా? – నాగర్‌కర్నూలు

పచ్చి అబద్ధం. 1903లో షికాగోలో వేరే స్త్రీ ఈమె పేరు చెప్పుకుంటే పత్రికలు అచ్చేశాయి. అనీ 55 పత్రికల మీద దావా వేసి 54 చోట్ల నెగ్గింది.

కురుమూర్తి జాతరల బుగ్గలు (బెలూన్లు) కాలిస్తే ఒక్కటి తగలది. నా చెయ్యి మంచిది కాదా? – ఆత్మకూరు

చెయ్యి తప్పే కాకపోవచ్చు. ఆ తుపాకుల మీది గురిగుర్తు తరచూ వంగి ఉంటుంది, స్ప్రింగు నీరసించి గుండు కిందికి జారుతుంది. మొదటి రెండు గుండ్లు బుగ్గ మీద వృథా చేయకండి. పలక మీద ఒక మరకనో మేకునో ఎంచుకొని రెండూ దానికే కొట్టండి. రెండూ ఎడమకు, కిందికి పడితే అంతే దూరం కుడికి, పైకి గురిపెట్టండి. రెండూ చెల్లాచెదురైతే మాత్రం తప్పు మీదే, ట్రిగ్గర్ గుంజుతున్నారు. ఊపిరి సగం వదిలి ఆపి, వేలిని మెల్లగా వెనక్కి తేవాలి. బిగుతుగా ఊదిన బుగ్గనే ఎంచుకోండి, మెత్తటి దాని మీద గుండు జారిపోతుంది.

మా బిడ్డకు నేర్పించాలని ఉంది. – నల్లగొండ

తప్పకుండా నేర్పించండి. అనీ తన జీవితంలో వేలమంది ఆడవాళ్లకు తుపాకీ నేర్పింది. మనకు దగ్గరలో హైదరాబాద్ గచ్చిబౌలిలో షూటింగ్ రేంజ్ ఉంది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెడతారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఇందులోనే. పది పాయింట్లు తెచ్చే గురి అరమిల్లీమీటరు చుక్క, గుండు 4.5 మిల్లీమీటర్లు. పేకముక్క లెక్కే ఇక్కడా. మొదట్లో గుండు లేకుండా నిలబడి గురి పట్టడమే ఎక్కువగా చేయిస్తారు. పోటీ రైఫిల్‌లో గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కడానికి వేరే అమరిక ఉంటుంది. ఇంట్లో మామూలు స్ప్రింగు గన్‌తో మాత్రం అట్లా చేయనీయకండి, గుండు లేకుండా పేలిస్తే లోపలి పిస్టన్ దెబ్బతింటుంది.