పెద్దల చేతుల్ని ఆపే వాక్యం

అమ్మాయికి,

ఆశీస్సులు. చిన్నపిల్లల చేత ఇంట్లో, బడిలో చేయించదగ్గ పనులంటూ నువ్వు పంపిన పాతిక అంశాల చిత్తుప్రతి చదివాను. భాష హాయిగా ఉంది. పిల్లలంటే నీకు ఇష్టమని తెలుస్తోంది. అయినా ఇరవై కొట్టెయ్యమంటాను. మిగిలిన అయిదింటినీ కూడా మళ్ళీ రాయాలి. చిన్నబుచ్చుకోకు, ఎందుకంటున్నానో చెబుతాను.

నువ్వు రాసేది చదివేవాళ్ళు అమ్మానాన్నలు, టీచర్లు. చేసేవాళ్ళు మాత్రం పిల్లలు. ఈ రకం రాతలో ఉన్న చిక్కంతా ఇదే. చదివినవాళ్ళు ఊరికే ఉండలేరు. పిల్ల చేతిలోంచి కత్తెర లాక్కుని చక్కగా కత్తిరించి ఇస్తారు, పడిపోబోయే దిమ్మెని పట్టుకుంటారు, అడిగిన ప్రశ్నకి జవాబు కూడా తామే అందిస్తారు. ఏ పని ఎలా మొదలుపెట్టాలో చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. పెద్దవాళ్ళు ఎక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలో, ఎక్కడ నోరు కట్టుకోవాలో చెప్పే వాక్యం రాయడమే కష్టం. నీ పాతికలో ఆ వాక్యం ఒక్కటీ లేదు.

నీళ్ళు పోసే ఆటే చూడు. ‘రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నీళ్ళు పోయించండి. దీనివల్ల ఏకాగ్రత, చేతికీ కంటికీ సమన్వయం పెరుగుతాయి’ అని మూడు వాక్యాల్లో తేల్చేశావు. మూడోది కొట్టెయ్. అది పిల్లకి అక్కర్లేదు, అమ్మకి తెలిసిందే. మొదటి రెండింట్లో అసలు సంగతులేవీ లేవు. ఎన్ని నీళ్ళు? లీటరు నీళ్ళంటే కిలో బరువు, పైన జగ్గు బరువు ఒకటి. మూడేళ్ళ మణికట్టు దాన్ని వంచలేదు. చిన్న జగ్గులో సగానికి పోసివ్వమని రాయి. జగ్గుకి మూతి ఉంటే ధార ఒకచోట పడుతుంది, లేకపోతే అంచు వెంబడి కారి మోచేతి దాకా వస్తుంది. కింద అంచులున్న పళ్ళెం పెట్టాలి. పక్కనే స్పాంజి ఉండాలి, అదీ పిల్లకి అందేంత దగ్గర్లో.

ఇప్పుడు పిల్లని చూడు. చూపంతా తను పట్టుకున్న జగ్గు మీదే ఉంటుంది, నిండుతున్న గ్లాసు మీద ఉండదు. అందుకే పొర్లిపోతుంది. గ్లాసుకి బయట నడిమి ఎత్తులో రంగు టేపు ఒకటి చుట్టి, ‘ఇక్కడిదాకా’ అని ఒక్కసారి చూపిస్తే చాలు, చూపు అటు మళ్ళుతుంది. పొర్లినా ఏమీ అనక్కర్లేదు. స్పాంజి ముంచి, పిండి, మళ్ళీ ముంచి తుడవడం చాలామంది పిల్లలకి పొయ్యడం కన్నా సరదా. పెద్దవాళ్ళు గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చేది సరిగ్గా అప్పుడే. నీ వాక్యం అక్కడ పడాలి: ‘పొర్లినప్పుడు లేవకండి. స్పాంజి వైపు చూడండి, చాలు.’ ఈ రెండు ముక్కలు నీ ఏకాగ్రత, సమన్వయాల కన్నా ఎక్కువ పని చేస్తాయి.

ఆ గ్లాసులతోనే ఇంకో మెలిక ఉంది. పొట్టిగా వెడల్పుగా ఉన్న ఒకేలాంటి గ్లాసులు రెండింట్లో సమంగా నీళ్ళు పోసి, ఒకదాంట్లోని నీళ్ళని పిల్ల చూస్తుండగానే పొడుగాటి సన్నని గ్లాసులోకి పోసి, ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయని అడుగు. నాలుగైదేళ్ళ పిల్లల్లో చాలామంది పొడుగు గ్లాసే చూపిస్తారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన స్విట్జర్లాండు మనస్తత్వవేత్త జీన్ పియాజే ఈ ప్రయోగంతోనే, రూపం మారినా పరిమాణం మారదన్న సంగతి పిల్లలకి ఇంచుమించు ఏడేళ్ళ వయసులో పట్టుబడుతుందని చూపించాడు. చదివినవాళ్ళకి వెంటనే విడమర్చి చెప్పాలనిపిస్తుంది. చెబితే పిల్ల తలూపుతుంది, ‘రెండూ ఒకటే’ అని అప్పజెబుతుంది కూడా. మర్నాడు అడిగితే మళ్ళీ పొడుగు గ్లాసే. కాబట్టి సరిదిద్దవద్దని స్పష్టంగా రాయి. ‘అలా ఎందుకనిపించింది?’ అని అడిగి ఊరుకోమను. తిరిగి పాత గ్లాసులోకి పొయ్యమని పిల్లకే ఇమ్మను.

నేను కొత్తగా కనిపెట్టి చెబుతున్నదేమీ కాదిది. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో తొలి బాలల గృహం తెరిచింది. ఆవిడ వాడిన సామగ్రిలో చెక్క దిమ్మె ఒకటుంది. అందులో పది గుంటలు, వాటికి సరిపోయే పది బిళ్ళలు. ఒక బిళ్ళ తప్పు గుంటలో పెడితే చివరికి ఏదో ఒకటి పట్టదు, లేదా వదులుగా ఊగుతుంది. తప్పని చెప్పేది దిమ్మే, టీచరు కాదు. అంతకు ముందు 1837లో జర్మనీలో పిల్లల కోసం చెక్క దిమ్మెలు తయారుచేయించిన ఫ్రోబెల్ కూడా ఎనిమిది చిన్న ఘనాలు కలిసి ఒక పెద్ద ఘనం అయ్యేలా చేయించాడు. విడదీసినా మళ్ళీ కలిపినా లెక్క చేతికే తెలుస్తుంది. నీ జాబితాలో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చుకోవడానికి ఇదొక్క పరీక్ష చాలు: తప్పు జరిగితే వస్తువే చెబుతుందా, పెద్దవాళ్ళు చెప్పాలా? పెద్దవాళ్ళు చెప్పాల్సినవి చాలావరకు తీసెయ్. రంగు కాగితాల సీతాకోకచిలుక తప్పకుండా పోతుంది. అమ్మ గీసి, అమ్మ కత్తిరించి, పిల్ల చేత రెండు కళ్ళు అతికించే పని అది. ఫొటోకి బాగుంటుంది, అంతే.

ఇక ‘మునిగేవి, తేలేవి’. ఇందులో నువ్వు ‘బరువైనవి మునుగుతాయని పిల్లలు నేర్చుకుంటారు’ అని రాశావు. అది తప్పు. పెద్ద దుంగ తేలుతుంది, గుండుసూది మునుగుతుంది. పిల్లలు మొదట నువ్వు రాసినట్టే అనుకుంటారు, ఆ ఆట ఉన్నది ఆ నమ్మకాన్ని విరగ్గొట్టడానికే. మట్టిముద్దతో చేయించు. ఉండ చేసి వేస్తే మునుగుతుంది. అదే ముద్దని పలచగా గిన్నెలా వత్తితే తేలుతుంది. బరువు మారలేదు, పక్కకి నెట్టే నీళ్ళు ఎక్కువయ్యాయి. ఈ చివరి మాట పెద్దవాళ్ళ కోసం, పిల్లకి చెప్పడానికి కాదని కూడా రాయి.

ఏ మట్టో మాత్రం తప్పకుండా చెప్పాలి. నువ్వు ‘క్లే’ అని వదిలేశావు. మామూలు బంకమన్ను కాసేపటికి నీళ్ళలో కరిగి జారుడు అయిపోతుంది. పిండితో చేసే ప్లే-డో లాంటివీ అంతే, మెత్తబడి విడిపోతాయి. దీనికి కావలసింది నూనె కలిసిన ప్లాస్టిసిన్. ఇంగ్లండులో విలియం హార్‌బట్ అనే చిత్రకళ మాస్టారు 1897లో, తన విద్యార్థులు వాడే మట్టి ఎండిపోకుండా ఉండాలని తయారుచేశాడు దాన్ని. ఎండదు, నీళ్ళలో కరగదు. ఇది రాయకపోతే నీ మాట నమ్మి తొట్టి నింపుకున్న టీచరమ్మ పావుగంటలో బురద తొట్టి ముందు కూర్చుంటుంది. ఆ తర్వాత నువ్వు రాసింది చదవదు.

పిల్లలు దీన్ని ఎలా చేస్తారో చూసి రాయి. మొదట అప్పడంలా నొక్కి వేస్తారు, నీళ్ళు పైకెక్కి మునుగుతుంది. తర్వాత ఒక పక్క అంచు లేపుతారు, రెండో పక్కనుంచి నీళ్ళు వస్తాయి. ఇంకాస్త పలచన చేస్తే అడుగున చిల్లు పడుతుంది. వేలు పెట్టి చిల్లు పూడ్చి మళ్ళీ వేస్తారు. తేలిందంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు, గోళీలు ఎక్కించడం మొదలవుతుంది. అన్నీ ఒక మూలకే పేర్చినవాడి పడవ ఒరిగిపోతుంది. పక్కవాడు అది చూసి తన గోళీలు మధ్యలోకి జరుపుతాడు. ఈ జరపడం దగ్గర కూడా పెద్దవాళ్ళు నోరు విప్పకూడదు. నీ వ్యాసంలో సగం ఇదే ఉండనీ. సామాన్ల జాబితా రెండు పంక్తుల్లో ముగించు.

అంకెల గురించి ఒక్క మాట. ఇరవై దాకా గడగడా చెప్పే పిల్లని ‘అయిదు బొత్తాలివ్వు’ అని అడిగితే గుప్పెడు తీసి ఇచ్చేస్తుంది. చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. పాటలా వచ్చిన అంకెలు ఒక్కో వస్తువు మీద ఒక్కోటిగా ఆగడం నేర్చుకోవాలి. అందుకే ‘పిల్లల చేత అంకెలు చెప్పించండి’ అన్న నీ పన్నెండో అంశం బదులు, ఇంట్లో ఎంతమందో అన్ని చెంచాలు తెమ్మను. తక్కువైతే ఎవరో ఒకరి చేతిలో చెంచా ఉండదు. మళ్ళీ వెళ్ళి తెస్తుంది. ఎవరూ తప్పని చెప్పక్కర్లేదు.

కత్తెర గురించి నువ్వు అసలు రాయలేదు, భయపడి ఉంటావు. రాయి. మొన తేలని చిన్న కత్తెర, వెడల్పు తక్కువున్న కాగితం పట్టీ ఇచ్చి ఒక్క కోతకే తెగేలా మొదలుపెట్టించాలి. పలచటి కాగితం వంగిపోతుంది, కాస్త మందంగా ఉన్న అట్టలాంటిదే చిన్న చేతికి లొంగుతుంది. గీత మీద కత్తిరించడం ఆ తర్వాత, వంపులు ఇంకా తర్వాత. ఎడమచేతి పిల్లకి కుడిచేతి కత్తెర ఇస్తే గీత బ్లేడు వెనక దాక్కుంటుంది, బ్లేళ్ళు ఎడంగా జరిగి కాగితం తెగకుండా మడతపడుతుంది. పిల్ల తనకి చేతకాదనుకుంటుంది. ఎడమచేతి కత్తెర వేరే దొరుకుతుందని ఒక్క పంక్తి రాస్తే ఎవరో ఒక పిల్లకి ఏడాది గోల తప్పుతుంది.

జాగ్రత్తలన్నీ వ్యాసం చివర చిన్న అక్షరాల్లో పెట్టావు. సామాన్ల కన్నా ముందుకి తీసుకురా. మూడేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో బొత్తాలు, గోళీలు, గింజలు వాడే ఆటలు వద్దు, పెద్దపిల్లలు ఆడినా తర్వాత నేల మీద వెతికి మరీ ఎత్తేయాలి. బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. అలాంటివి ఉన్న బొమ్మకి స్క్రూ బిగించిన మూత లేకపోతే దాని పేరే ఎత్తకు. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో ఇరికించుకుని ఒకదాన్నొకటి అంటుకుంటాయి. నీళ్ళ ఆట అయిపోగానే తొట్టి బోర్లించాలి, అడుగున కొద్దిపాటి నీళ్ళున్నా పసివాళ్ళకి ప్రమాదమే. ఇవి భయపెట్టేలా కాకుండా, మామూలు స్వరంలో చెప్పు. చేతులు వెనక్కి తీసుకొమ్మన్నాం కదా అని కళ్ళు కూడా తిప్పేసుకుంటారు కొందరు. ఆ తేడా నువ్వే చెప్పాలి.

బడికీ ఇంటికీ ఒకే వ్యాసం సరిపోదు. ఇంట్లో ఒక పిల్లకి ఒక తొట్టి. బడిలో ముప్ఫై మందికి ఒక టీచరు. నీళ్ళ ఆట నలుగురికి ఒక తొట్టి చొప్పున పెట్టి, మిగతావాళ్ళకి అదే సమయంలో టీచరు అవసరం లేని పని ఏమిటో నువ్వే చెప్పాలి. లేకపోతే మీ ఆటలన్నీ ఇంట్లోనే బాగుంటాయమ్మా అంటుంది ఆవిడ, అన్నా తప్పులేదు. బడికి బాగా నప్పేది నీడ ఆట. పొద్దున ఆవరణలో ఒక పిల్లవాణ్ణి నిలబెట్టి, పాదాల చుట్టూ, నీడ చుట్టూ ఇంకొకడి చేత సుద్దముక్కతో గీయించాలి. మధ్యాహ్నం అవే పాదాల గుర్తుల్లో నిలబడమనాలి. వాడు పాత నీడలోకి దూరాలని ఒళ్ళు వంచుతాడు, చేతులు చాపుతాడు, గుర్తులు దాటి జరగబోతాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ‘జరగొద్దురా’ అని అరుస్తారు. నీడ ఎందుకు జరిగిందో ఆరోజే చెప్పెయ్యాలని లేదు. సాయంత్రం మూడో గీత కూడా గీయనీ.

చిక్కుడు గింజ మొలిపించే పని ఉంచు. కానీ రాత్రంతా నానబెట్టాలని, గాజు గ్లాసు గోడకీ తడి కాగితానికీ మధ్య పెడితే వేరు కనిపిస్తుందని, గింజ నీళ్ళలో మునిగితే కుళ్ళుతుందని చేర్చు. ఒక్క గింజ పెట్టించకు. అది మొలవకపోతే పిల్లకి మిగిలేది ఏడుపే. వేరు కాస్త పొడుగయ్యాక గ్లాసుని పక్కకి పడుకోబెట్టి వదిలేస్తే, ఒకటి రెండు రోజుల్లో వేరు కొన మళ్ళీ కిందికి తిరుగుతుంది. దీన్ని ముందే చెప్పి పిల్లల సంబరం పాడుచెయ్యొద్దని టీచరుకి ఒక మాట వెయ్.

వయసు దగ్గర ‘3 నుంచి 8 ఏళ్ళ వరకు’ అని రాసేస్తున్నావు. మూడేళ్ళ పిల్లకీ ఎనిమిదేళ్ళ పిల్లకీ సరిపోయే పని ఒకటుంటే నాకూ చెప్పు. వయసు బదులు ఏం చేయగలగాలో రాయి: ‘జగ్గు రెండు చేతులతో ఎత్తగలిగితే’, ‘కత్తెర తెరిచి మూయగలిగితే’. అమ్మకి తన పిల్ల సంగతి వెంటనే తెలిసిపోతుంది, పక్కింటి పిల్లతో పోలిక రాదు.

‘మెదడు చురుగ్గా తయారవుతుంది’ అని నాలుగు చోట్ల రాశావు. నాలుగూ తీసెయ్. నీకు రుజువు తెలిస్తే రాయి, లేకపోతే పిల్ల ఏం చేసిందో రాయి.

ముందుగా మట్టి పడవ వ్యాసం ఒక్కటే తిరగరాసి పంపు. ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టి, నువ్వు నోట్‌బుక్ పట్టుకుని దూరంగా కూర్చో. వాళ్ళ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకో, బాగుచెయ్యకు. ఫొటోలు తీస్తే తేలిన పడవది కాదు, మునిగిన వాటివి తియ్యి. నీళ్ళ వ్యాసం, కత్తెరది ఆ తర్వాత చూద్దాం. మిగతా ఇరవై నా దగ్గరే ఉంచుకుంటున్నాను, అందులో నీడల తోలుబొమ్మలది పనికొచ్చేలా ఉంది.

ఉంటాను.