మాస్టారి జవాబు: అక్కడ రీసెర్చ్ ఉంటుందా?

ప్రశ్న: మాస్టారూ, బీటెక్ మెకానికల్ అయ్యింది. జర్మనీలో ఒక అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. మా మావయ్య మాత్రం "అది పాలిటెక్నిక్‌లాంటిదే, రీసెర్చ్ ఉండదు" అంటున్నాడు. నాకేమో యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే ప్రాజెక్టుల్లో పనిచెయ్యాలనుంది. ఒకటే టెన్షన్. వెళ్లనా, మాననా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మాయ్, నేను బరంపురంలో ముప్పయ్యేళ్లు పాలిటెక్నిక్ పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి. మీ మావయ్య మాట ముందు నాకే గుచ్చుకుంది!

ఓసారి పిల్లల్ని పలాస జీడి ఫ్యాక్టరీకి తీసుకెళ్లాను. పిక్కలు కొడుతున్న ఒకావిడ చేతులకి బూడిద రాసుకుని ఉంది. అయినా వేళ్ల చివర్లు నల్లగా పొక్కిపోయాయి. "ఈ సొన అంటకుండా ఏదైనా మిషను చెయ్యండి బాబూ" అంది. నా దగ్గర జవాబు లేదు, డబ్బూ లేదు. ఇలా పనిచేసేచోట పుట్టిన చిక్కునే పట్టుకోవడం అప్లైడ్ వాళ్ల పద్ధతి. అక్కడ ప్రొఫెసర్ కావాలంటే కాలేజీ బయట ఉద్యోగం చేసిన అనుభవం ఉండాలి. అందుకే చిన్న కంపెనీలతో వాళ్లకి బాగా పొత్తు కుదురుతుంది.

ఇక డబ్బు సంగతి. 2021–27కి యూరోపియన్ యూనియన్ పెట్టిన పరిశోధన పథకం హొరైజన్ యూరప్. మొదట్లో కేటాయింపు సుమారు 9,550 కోట్ల యూరోలు. ఉమ్మడి ప్రాజెక్టుకి మామూలుగా మూడు దేశాల నుంచి కనీసం మూడు సంస్థలు కలవాలి. అప్లైడ్ యూనివర్సిటీ అందులో భాగస్వామిగా చేరొచ్చు, తానే ముందుండి నడిపించనూవచ్చు.

అడ్డంకి వేరేచోట ఉంది. అప్లైడ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ వారానికి 18 గంటల దాకా క్లాసులు చెప్పాలి. మామూలు యూనివర్సిటీలో అందులో సగమే. పాఠాలు చెప్పి, పేపర్లు దిద్ది, ఆపైన ప్రాజెక్టు అప్లికేషన్ రాయాలంటే మాటలా? పీహెచ్‌డీ పట్టా ఇచ్చే హక్కు కూడా చాలాకాలం వాళ్లకి లేదు. 2016లో ఫుల్డా అనే ఊళ్లోని అప్లైడ్ యూనివర్సిటీతో మొదలైంది. ఆ హక్కు లేనిచోట యూనివర్సిటీతో కలిసి చేయిస్తారు.

నువ్వు చెయ్యాల్సింది ఒకటే. కోర్డిస్ అని యూరోపియన్ కమిషన్ వాళ్ల వెబ్‌సైట్ ఉంది. అందులో నీ కాలేజీ పేరు కొట్టు. ఏయే ప్రాజెక్టుల్లో ఉందో, ఎంత సొమ్ము వచ్చిందో కనిపిస్తుంది. నీకు నచ్చిన పని అందులో ఉంటే సీటు వదలకు. ఆ పని చూసే ప్రొఫెసర్‌కి, థీసిస్ ఆ ప్రాజెక్టులోనే చెయ్యొచ్చా అని నాలుగు ముక్కలు మెయిల్ రాయి. జవాబు రాకపోతే 18 గంటలు గుర్తుచేసుకుని, పది రోజులాగి మళ్లీ రాయి.