చేరకముందే మనసు మారితే

చి. మేనకోడలికి,

నీ ఈమెయిల్ చదివాను. మార్చిలో అమెరికా రెసిడెన్సీ (డాక్టర్ల పీజీ ట్రైనింగ్) సీట్లు పంచే మ్యాచ్‌లో నీకు ఇంటర్నల్ మెడిసిన్ వచ్చింది, ఇప్పుడు మనసు రేడియాలజీ మీదికి పోతోంది, జులై 1న చేరాలా మానాలా అని అడిగావు. చేరమ్మా. మారాలంటే చేరాకే మారాలి.

నీకు కావలసిన ప్రోగ్రాముల వరస, అదే ర్యాంక్ లిస్ట్, సర్టిఫై చేసినప్పుడే నువ్వు మ్యాచ్ నడిపే సంస్థ ఎన్‌ఆర్‌ఎంపీకి మాట ఇచ్చినట్టు. మ్యాచ్ అయినచోట చేరి, కాంట్రాక్టులో రాసిన తేదీ నుంచి కనీసం 45 రోజులు ఉండాలి. చేరనంటే వేవర్, అంటే ఆ మాట నుంచి మినహాయింపు, కావాలి. దాన్ని ఇచ్చేది ఎన్‌ఆర్‌ఎంపీ; మీ ప్రోగ్రామ్ డైరెక్టర్ నోటిమాటగా సరేనన్నా చెల్లదు. స్పెషాలిటీ మార్చుకుంటానన్న కారణంతో అడగాలంటే ట్రైనింగ్ మొదలయ్యే ఏడాది జనవరి 15 లోపే అడగాలి. అంటే అది అడ్వాన్స్‌డ్ సీటు వచ్చి ఏడాది వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి పనికొస్తుంది గానీ, మార్చిలో మ్యాచ్ అయి జులైలో చేరే నీకు కాదు. వేవర్ చేతికి రాకుండా ఇదే ఏడాది సీటు కోసం ఇంకో ప్రోగ్రామ్‌తో మాట్లాడటం కూడా ఉల్లంఘనే. అది రికార్డులోకి ఎక్కితే వచ్చే మ్యాచ్‌లో కూర్చోనివ్వకపోవచ్చు. పైగా నీది జే-1, ట్రైనింగ్ కోసం ఇచ్చే వీసా. ప్రోగ్రామ్ లేకపోతే ఈ దేశంలో ఉండే ఆధారమే పోతుంది.

ఇక అసలు అనుమానం సంగతి. మెడిసిన్ వద్దనిపిస్తోందా, రేడియాలజీ కావాలనిపిస్తోందా? ఈ రెండింటినీ కలిపేసుకుంటారు చాలామంది. నువ్వు రాసిన కారణాల్లో మూడు రాత్రి డ్యూటీలు, నోట్స్, అలసట. నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు అన్న పరిమితి అన్ని రెసిడెన్సీలకీ ఒకటే. నోట్స్ తప్పినా రిపోర్టుల డిక్టేషన్ తప్పదు, రాత్రి డ్యూటీ రేడియాలజీలోనూ ఉంది. ఆ మూడూ కొట్టేసి మిగిలినదేమిటో చూడు. స్కాన్ చూస్తుంటే టైం తెలియదు అని రాశావే, ఆ ఒక్క వాక్యానికే నేను విలువిస్తాను.

దాన్ని పరీక్షించి చూడు. ఓరియెంటేషన్ అయి ఐడీ కార్డు చేతికొచ్చాక, అనుమతి అడిగి, స్కాన్లు చూసి రిపోర్టులిచ్చే రీడింగ్ రూమ్‌లో ఒక పూర్తి షిఫ్టు కూర్చో. పొద్దున వెళ్లి రెండు మంచి కేసులు చూసి వచ్చేస్తే ఏమీ తెలియదు. సాయంత్రం నాలుగింటికి చూడాల్సిన స్కాన్ల లిస్టు పెరిగిపోతున్నప్పుడు అటెండింగ్‌ని, అంటే అక్కడి సీనియర్ డాక్టర్‌ని, గమనించు. వరసగా ముప్ఫయ్యో ఛాతీ ఎక్స్‌రే, ప్రతిదానికీ పాత ఫిల్ముతో పోలిక, మధ్యలో ఎమర్జెన్సీ నుంచి ఫోన్, ఫోన్ పెట్టేసి మళ్లీ ఏ స్లైస్ దగ్గర ఆగామో వెతుక్కోవడం, ఊపిరితిత్తిలో చిన్న నాడ్యూల్ (గడ్డ) కంటికి ఆనకుండా తప్పిపోతుందేమోనన్న బెంగ. మెడ వెన్నెముక సీటీ పదోసారి చూస్తున్నా ఆసక్తి మిగిలి ఉంటే నీ కోరిక నిజమే. రోగితో మాట్లాడక ఎనిమిది గంటలైందని గుర్తొచ్చి దిగులేస్తే అదీ సమాధానమే.

మెడిసిన్‌కీ అదే న్యాయం చెయ్యి. వార్డు నెలలు చూసి మెడిసిన్ అంటే ఇంతే అనుకోకు. మూడేళ్ల తర్వాత ఎండోక్రైనాలజీ రెండేళ్లు, కార్డియాలజీ మూడేళ్లు. ఆ జీవితాలు ఇంటర్న్ జీవితంలా ఉండవు. మన ఇళ్లల్లో బ్రాంచి ఎంపిక పెళ్లి సంబంధంలా ఊరంతా చర్చించే విషయం కాబట్టి, ఆ గోలను కాసేపు పక్కన పెట్టు.

ఒకవేళ మారాలనే తేలితే, నీ మొదటి ఏడాది వృథా కాదు. రేడియాలజీ అంటే ఒక ఏడాది క్లినికల్, ఆపైన నాలుగేళ్లు. మెడిసిన్‌లో చేసిన మొదటి ఏడాది ఆ క్లినికల్ ఏడాదిగా సాధారణంగా చెల్లుతుంది. ఎన్‌ఆర్‌ఎంపీలో ‘ఆర్’ పొజిషన్లని ఉంటాయి, ఇప్పటికే ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్ల కోసం. మార్చిలో మ్యాచ్ అయితే అదే జులైలో మొదలు. ‘ఎ’ (అడ్వాన్స్‌డ్) పొజిషన్ అయితే ఇంకో ఏడాది ఆగాలి. నీకు ఈ తేడా ప్రాణం, ఎందుకంటే జే-1లో స్పెషాలిటీ మార్పు ఒక్కసారే, అదీ రెండేళ్లలోపే. ఆ రెండేళ్లు జే-1 మీద దిగిన రోజు నుంచి లెక్క, జులై 1 నుంచి కాదు. జూన్‌లో దిగి, ‘ఎ’ పొజిషన్‌తో రెండేళ్ల తర్వాతి జులైలో మారతానంటే గడువు దాటిపోవచ్చు. మీ హాస్పిటల్లో ఈసీఎఫ్‌ఎంజీ (నీ జే-1కి స్పాన్సర్ సంస్థ) వ్యవహారాలు చూసే లైజన్‌ని ఇప్పుడే ఈమెయిల్లో అడుగు, జవాబు దాచుకో. జే-1 మొత్తం గడువు మామూలుగా ఏడేళ్లు: ఒకటీ నాలుగూ ఐదు, ఫెలోషిప్‌కి రెండు మిగులుతాయి. మెడిసిన్ పూర్తిచేసి మారదాంలే అనుకుంటే, మార్పుకున్న రెండేళ్లు దాటిపోతాయి కాబట్టి ఆ దారి ఉండదు.

జీతాల వైపు ఒక చిక్కుంది. ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ హాస్పిటల్‌కి నేరుగా ఇచ్చే ట్రైనింగ్ డబ్బు నువ్వు మొదట చేరిన స్పెషాలిటీ నిడివి వరకే పూర్తిగా వస్తుంది, మెడిసిన్ కాబట్టి మూడేళ్లు. ఆపైన ఆ భాగం సగమే. కొన్ని ప్రోగ్రాములు దీన్ని చూస్తాయి, కొన్ని పట్టించుకోవు. నువ్వు చెయ్యగలిగిందేమీ లేదు, ఇంటర్వ్యూలో అడిగితే తెల్లబోకుండా ఉంటే చాలు.

అప్లికేషన్లు పంపేది సెప్టెంబర్‌లో. జులైలో చేరాక మధ్యలో మూడు నెలలు కూడా ఉండవు, అందులోనూ ఇంటర్న్‌గా. కాబట్టి నిర్ణయం తర్వాత తీసుకున్నా కాగితాలు ఇప్పుడే సిద్ధం చెయ్యి: మెడికల్ స్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్, స్కోర్లు, కొత్త పర్సనల్ స్టేట్‌మెంట్ చిత్తుప్రతి. అందులో మెడిసిన్‌ని తిట్టకు. జులై, ఆగస్టు డ్యూటీల్లో లోటు రానివ్వకు. ఏ ప్రోగ్రామైనా మొదట అడిగేది మీ డైరెక్టర్ లెటరే, తీసుకునేముందు నీ మూల్యాంకనాలు కూడా తెప్పించుకుంటారు.

డైరెక్టర్‌కి చెప్పడం ఆగస్టు మధ్యలో, 45 రోజులు దాటాక. అంతకుముందు రేడియాలజీ ఫ్యాకల్టీలో ఒకరితో మాట్లాడి, నీ ప్రొఫైల్‌కి అవకాశం ఉందో లేదో సూటిగా అడుగు. తోటి ఇంటర్న్‌లకి చెప్పకు. డైరెక్టర్ చెవిన ఇంకొకరి నోట పడితే లెటర్ చప్పగా వస్తుంది. ఆయనతో రెండే మాటలు: ఈ ఏడాది పూర్తిగా చేస్తాను, సీటు రాకపోతే ఇక్కడే కొనసాగుతాను. రెండోది నిజంగా అనుకుంటేనే అను. వచ్చే ఏడాది కాంట్రాక్టు కాగితం సంతకానికి వస్తే, మానుకునే షరతు ఎక్కడుందో చదవకుండా పెట్టకు.

వీసా మీద దిగిన తేదీ ఐ-94లో, అంటే దేశంలోకి వచ్చిన రికార్డులో, ఉంటుంది. అది చూసుకుని ఆదివారం ఫోన్ చెయ్యి, నెలలు కలిసి లెక్కేద్దాం. బావకి నేను చెబుతాలే.

మామయ్య